పెండ పొయ్యిలోకా, పొలంలోకా? గోబర్ గ్యాస్ సబ్సిడీ తీసుకునే ముందు కోనరావుపేట రైతు వేయాల్సిన లెక్క



పై వీడియోలో మీకు మొదట కనిపించే గుంత మా ఇంటి వెనుకదే. చుట్టూ పిచ్చిమొక్కలు, మధ్యలో పగిలిన సిమెంటు గుమ్మటం. చిన్నపిల్లలు చూస్తే పాత బావి అనుకుంటరు. అది 1980ల చివర్ల మా బాపు కట్టించిన గోబర్ గ్యాస్. ప్రభుత్వ సబ్సిడీతోనే కట్టినం. నాలుగైదేండ్లు మా అవ్వ దాని మీదనే వంట చేసింది. ఆ తర్వాత ఆగిపోయింది, మళ్ళీ మండలేదు.

ఇప్పుడు మళ్ళీ ఊర్లల్ల ఇదే ముచ్చట నడుస్తున్నది. "అన్నా, గోబర్ గ్యాస్‌కు సబ్సిడీ ఇస్తున్నరట కదా, కట్టుకోవాల్నా?" అని ఒకరు. "గడ్డి కొనుక్కపోయేటోళ్ళు వస్తున్నరు, అమ్ముదామా?" అని ఇంకొకరు. "పెండ అంతా గ్యాస్‌కే పోతే జీవామృతానికి ఏం మిగుల్తది?" అని మనలాంటి ప్రకృతి వ్యవసాయం చేసేటోళ్ళు. మూడు ప్రశ్నలూ ఒకటే. మన ఊరి పెండ, గడ్డి, కట్టె ఎటు పోవాలె? అది తేలిన తర్వాతే సబ్సిడీ గురించి ఆలోచించాలె. ఈ పోస్టులో ఆ లెక్క వేద్దాం.

మా గుంత ఎందుకు ఆగిపోయింది?

ముందు మా తప్పు చెప్పుకుంట. అప్పుడు మా కొట్టంల రెండు జతల ఎడ్లు, మూడు బర్రెలు, ఆవులు ఉండేవి. పెండకు కొదువ లేదు. పెద్ద సైజు కడితే సబ్సిడీ ఎక్కువ వస్తదని చెప్పిండ్రు. బాపు పెద్దదే కట్టించిండు. ఇంట్ల ఆరుగురమే, అంత గ్యాస్ మాకు అక్కరే లేదు. అయినా పర్వాలేదు, నడిచింది.

తర్వాత ట్రాక్టర్లు వచ్చినయి. ఎడ్లు అమ్ముకున్నం. కరువొచ్చిన ఏడు బర్రెలు కూడా పోయినయి. పెద్ద గుంతకు చిన్న కొట్టం పెండ సరిపోలేదు. గ్యాస్ ఒత్తిడి తగ్గింది, మంట చిన్నగైంది. ఒకపూట మండితే ఒకపూట మండలేదు. గుమ్మటంలో చిన్న పగులు వస్తే బాగు చేసే మేస్త్రి దొరకలేదు. కట్టినప్పుడు వచ్చినోళ్ళు మళ్ళీ రాలేదు. అంతే, కథ ఖతం.

ఇది మా ఒక్కరి ముచ్చట కాదు. దేశంలో 1981-82లో జాతీయ బయోగ్యాస్ అభివృద్ధి ప్రాజెక్టు మొదలైంది. అప్పటి నుంచి ఇప్పటి దాకా 50 లక్షలకు పైగా ఇంటి స్థాయి ప్లాంట్లు కట్టినరు. అందులో పాత ప్లాంట్లు ఎందుకు మూలపడ్డయని మీ ఊర్లోనే అడిగి చూడండి. పశువులు తగ్గినయి, మరమ్మతు దొరకలేదు, సిలిండర్ వచ్చింది. దాదాపు ఈ మూడు జవాబులే వస్తయి. గ్యాస్ తయారయ్యే సూత్రంలో మాత్రం తప్పు లేదు.

ఇప్పుడు సర్కారు ఏమిస్తున్నది?

కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన శాఖ 2022 నవంబర్‌లో నేషనల్ బయో ఎనర్జీ ప్రోగ్రామ్ ప్రకటించింది. 2021-22 నుంచి 2025-26 వరకు దీని కాలం. మొదటి దశకు 858 కోట్ల రూపాయలు. అందులో పట్టణ, పరిశ్రమల వ్యర్థాల నుంచి ఇంధనానికి 600 కోట్లు, పెల్లెట్లు, బ్రికెట్ల వంటి బయోమాస్ పనులకు 158 కోట్లు, బయోగ్యాస్‌కు 100 కోట్లు. మన ఊర్లకు నేరుగా సంబంధించిన వాటా అన్నిట్లకంటే చిన్నదని దీన్ని చూస్తేనే తెలుస్తది.

ఇంటి స్థాయి ప్లాంట్లకు మన ప్రాంతంలో ఈ కార్యక్రమం కింద కేంద్ర సాయం ఇట్ల పెట్టిండ్రు:

- 1 ఘనపు మీటర్: రూ. 9,800
- 2 నుంచి 4 ఘనపు మీటర్లు: రూ. 14,350
- 6 ఘనపు మీటర్లు: రూ. 22,750
- 20 నుంచి 25 ఘనపు మీటర్లు: రూ. 52,800

25 ఘనపు మీటర్లు దాటి, కరెంటు తీసే ప్లాంట్లకు కిలోవాట్‌కు 35,000 నుంచి 45,000 రూపాయల దాకా పెట్టిండ్రు. వేడి కోసం వాడితే అందులో సగం.

మన రాష్ట్రంలో ఈ పనులు చూసే ప్రభుత్వ సంస్థ రెడ్కో, అంటే తెలంగాణ పునరుత్పాదక ఇంధన వనరుల అభివృద్ధి సంస్థ. ఉమ్మడి రాష్ట్రంలో దీన్ని నెడ్‌క్యాప్ అనేటోళ్ళు, పెద్దమనుషులకు ఇప్పటికీ ఆ పేరే యాదికున్నది. ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్ కూడా దేశమంతటా బయోగ్యాస్ ప్లాంట్లు కట్టించింది. ఇనుప డ్రమ్ము పైకి కిందికి లేచే పాత మోడల్‌ను ఊరూరికీ తీసుకపోయింది వాళ్ళే. ఇటుకతో కట్టే గుమ్మటం మోడల్, "దీనబంధు", 1984లో వచ్చింది.

ఇంకో దారి పంచాయతీది. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశలో గోబర్‌ధన్ కింద జిల్లాకు 50 లక్షల రూపాయల దాకా సామూహిక బయోగ్యాస్ ప్లాంట్లకు వాడుకునే వీలు పెట్టిండ్రు. గోబర్‌ధన్ 2018లో మొదలైంది.

ఒక జాగ్రత్త. గుంత తవ్విన తర్వాత దరఖాస్తు పెట్టొద్దు. ముందు దరఖాస్తు, తర్వాత మంజూరు, ఆ తర్వాతే తవ్వకం. డబ్బులు ప్లాంటు పూర్తయి, తనిఖీ అయ్యాక వస్తయి. అంటే ముందు మన చేతి నుంచే పెట్టాలె. కార్యక్రమానికి గడువు ఉంటది కాబట్టి, "ఈ ఏడు మన జిల్లాకు మంజూరు ఉన్నదా, ఎన్ని ఉన్నయి?" అని రెడ్కో జిల్లా కార్యాలయంలో అడిగి, జవాబు రాయించుకోవాలె.

పెండ లెక్క

1 ఘనపు మీటర్ గ్యాస్‌కు రోజుకు సుమారు 25 కిలోల పెండ కావాలె. అంతే కొలత నీళ్ళు కలపాలె. 2 ఘనపు మీటర్లకు 50 కిలోలు. దేశీ ఆవు రోజుకు 10 కిలోలు, బర్రె 15 కిలోల దాకా పెండ వేస్తది. మేతకు బయట తిరిగే పశువుదైతే కొట్టంలో దొరికేది సగమే.

1 ఘనపు మీటర్ గ్యాస్ సుమారు 0.43 కిలోల వంటగ్యాస్‌తో సమానం. అంటే 1 ఘనపు మీటర్ ప్లాంటు సరిగా నడిస్తే నెలకు 13 కిలోలు. ఒక సిలిండర్‌లో 14.2 కిలోలు ఉంటది కాబట్టి నెలకు ఒక సిలిండర్‌కు కొంచెం తక్కువ. చలికాలంలో ఇంకా తగ్గుతది.

ఇప్పుడు మన ప్రకృతి వ్యవసాయం వైపు నుంచి చూద్దాం. ఎకరానికి ఒకసారి జీవామృతానికి 10 కిలోల పెండ, మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు మట్టి, 200 లీటర్ల నీళ్ళు. నెలకు రెండుసార్లు ఇస్తే ఎకరానికి 20 కిలోలు. నాలుగెకరాలకు నెలకు 80 కిలోలు. రోజుకు 3 కిలోలు కూడా కాదు!

కాబట్టి "గ్యాస్ పెడితే జీవామృతానికి పెండ ఉండది" అనే భయం అక్కర్లేదు. ఒక్క ఆవు ఉన్నా జీవామృతం ఆగదు. గ్యాస్ పోటీ పడేది పెంటకుప్పతో, ఘనజీవామృతంతో.

ఆ పోటీలో కూడా ఒక ముచ్చట ఉంది. గ్యాస్ ప్లాంటులోకి పోయిన పెండ మాయమైపోదు. అందులోంచి పోయేది ఎక్కువగా కర్బనం, మీథేన్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా. నత్రజని, భాస్వరం, పొటాష్ దాదాపు అట్లనే స్లర్రీలో బయటికి వస్తయి. ఎండలో పడి ఉండే పెంటకుప్ప నుంచి నత్రజని గాలిలోకి పోతది. ఆ లెక్కన స్లర్రీ నష్టం కాదు. కానీ స్లర్రీని కాలువలోకి వదిలేస్తే మాత్రం పెండను చేతులారా పారబోసినట్టే.

ఇంకొకటి గుర్తు పెట్టుకోండి. జీవామృతానికి స్లర్రీ వాడొద్దు, తాజా పెండే వాడండి. గ్యాస్ గుంతలో పనిచేసేవి గాలి లేని చోట బతికే సూక్ష్మజీవులు. జీవామృతం మనం రోజూ కలియబెట్టి గాలి తగిలేటట్టు చేసేది. రెండూ వేరు వేరు పనులు.

గడ్డి లెక్క

కాళేశ్వరం 9వ ప్యాకేజీ కింద మన మండలంలోనే మల్కపేట రిజర్వాయర్ కట్టిండ్రు, 3 టీఎంసీలది. మూలవాగు, బోర్లు, చెరువులు, ఇప్పుడు ఈ నీళ్ళు. వరి పెరిగింది. హార్వెస్టర్ కోసి పోతే గడ్డి మడిలోనే పరుచుకుని పడి ఉంటది. యాసంగి కోతల తర్వాత సాయంత్రం పూట బండి మీద పోతుంటే కొయ్యకాళ్ళు కాలుతున్న పొగ కండ్లల్ల పడుతది. అది మనందరికీ తెలుసు.

ఎకరానికి 25 క్వింటాళ్ళ వడ్లు పండితే గడ్డి కూడా సుమారు అంతే, 25 క్వింటాళ్ళకు తక్కువ ఉండదు. ఒక టన్ను గడ్డి కాలబెడితే నష్టం 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, 1.2 కిలోల గంధకం అని వ్యవసాయ శాఖ లెక్క. రెండున్నర టన్నులకు పొటాష్ ఒక్కటే 60 కిలోలు దాటుతది. దుకాణంలో కొనే పొటాష్ రెండు బస్తాలతో సమానం, ఒక్క పంటకు, ఒక్క ఎకరానికి.

కాలబెట్టడం తప్పు అని అందరం ఒప్పుకుంటం. మరి అమ్మితే? పొలం వైపు నుంచి చూస్తే పొటాష్ ఎట్లయినా పోయినట్టే, చేతికి కొన్ని పైసలు వస్తయి, అంతే తేడా. బేలర్ అతను ఎకరానికి ఇచ్చే పైసలను ఈ రెండు బస్తాల పక్కన పెట్టి చూసుకోండి. ఆచ్ఛాదనకు, పశువుల మేతకు, కొట్టంలో పరుపుకు పోగా మిగిలిందే అమ్మకానికి.

ఇది ఎందుకు చెప్తున్ననంటే, బయోమాస్‌కు గిరాకీ పెరుగుతున్నది. బొగ్గుతో నడిచే కరెంటు ప్లాంట్లు 2024-25లో 5 శాతం, 2025-26 నుంచి 7 శాతం పెల్లెట్లు కలపాలని కేంద్రం 2023లో నియమం పెట్టింది. మన పక్కన రామగుండం ఉంది, జైపూర్ ఉంది. పెల్లెట్ యూనిట్లు పెట్టేటోళ్ళకు గంటకు టన్ను సామర్థ్యానికి 21 లక్షల దాకా సాయం పెట్టిండ్రు. ఆంధ్రలో కనిగిరి ప్రాంతంలో 2025 ఏప్రిల్‌లో రిలయన్స్ బయోగ్యాస్ ప్లాంటుకు పునాది వేసిండ్రు. బీడు భూముల్లో నేపియర్ గడ్డి పెంచి గ్యాస్ తీస్తరట. పంజాబ్ సంగ్రూర్‌లో 2022లో మొదలైన ప్లాంటు ఒక్కటే 40-45 వేల ఎకరాల గడ్డిని తినగలదు. ఇంత పెద్ద నోరు మన దగ్గర తెరుచుకుంటే, గడ్డికి ధర వస్తది. నిజమే. కానీ పొలానికి మాత్రం తిండి తగ్గుతది.

అందుకే అట్లాంటి ప్లాంటు ఏదైనా మన దిక్కు వస్తే గ్రామసభలో ఒక షరతు అడగాలె. గడ్డి తీసుకపోయినంత లెక్కన, గ్యాస్ తీసిన తర్వాతి ఎరువు రైతుకే తిరిగి రావాలె. బయోగ్యాస్ ప్లాంట్ల ఎరువు అమ్మకానికి కేంద్రం టన్నుకు 1,500 రూపాయల సాయం 2023లో ప్రకటించింది. ప్రజల సొమ్ముతో అమ్ముడుపోయే ఎరువు ముందు గడ్డి ఇచ్చిన మడికే చేరాలని అడగడం న్యాయమే.

ఏది అమ్మొచ్చు, ఏది అమ్మొద్దు?

నా లెక్క ఇట్ల ఉంది.

ఊక: మిల్లులో వడ్ల బరువులో అయిదో వంతు ఊకే. పొలంలో తొందరగా కుళ్ళదు. పొయ్యికి, బాయిలర్‌కు మంచిది. దీన్ని ఇంధనానికి ఇచ్చినా మనకు పెద్ద నష్టం లేదు. బూడిదను అడిగి తెచ్చుకుంటే ఇంకా మేలు.

పత్తికట్టె: గులాబీ రంగు పురుగు భయానికి పీకి కాలబెడుతున్నం. కాలబెట్టే బదులు బ్రికెట్లకు ఇయ్యొచ్చు, లేదా గుంతలో బొగ్గు చేసి పెండ, మూత్రంలో నానబెట్టి పొలంలో వేసుకోవచ్చు. ఏది చేసినా కట్టెను ఎండాకాలం దాకా గట్ల మీద కుప్పలు పెట్టొద్దు.

మక్క బెండ్లు: వంటకు, బాయిలర్లకు పోవచ్చు.

వరిగడ్డి, పప్పుధాన్యాల పొట్టు, ఆకులు: ఇవి పశువుకు, నేలకు. మిగిలితేనే బయటికి.

కర్ణాటక చెప్పిన పాఠం

ఊరి కట్టెతో కరెంటు తీసి గ్రిడ్‌కు అమ్మిన ముచ్చట ఒకటుంది. కర్ణాటకలో తుమకూరు జిల్లా, మన తెలుగోళ్ళు ఎక్కువ ఉండే పావగడ కూడా ఆ జిల్లాలోదే. అక్కడ రాష్ట్ర గ్రామీణాభివృద్ధి శాఖ, ఐక్యరాజ్య సమితి అభివృద్ధి కార్యక్రమం, ప్రపంచ పర్యావరణ నిధి సాయంతో "బెరి" అనే ప్రాజెక్టు 2001లో మొదలైంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ తయారు చేసిన గ్యాసిఫయర్లు పెట్టిండ్రు. కబ్బిగెరె అనే ఊర్లో 2007 నుంచి కరెంటు గ్రిడ్‌కు పోయింది. యంత్రాలు పనిచేసినయి. కట్టె కోసం ఊరి బంజరుల్లో చెట్లు పెంచిండ్రు, పొలాల్లో బయోగ్యాస్ గుంతలు కట్టిండ్రు. కానీ కరెంటుకు ఇచ్చిన ధర యూనిట్‌కు 2 రూపాయల 85 పైసలు. కట్టె కొనుడు, కోసుడు, ఎండబెట్టుడు, పనోళ్ళ జీతాలు కలిపితే ఖర్చు అంతకు మించింది.

పాఠం ఏందంటే, సాయం చేసే సంస్థ యంత్రం కొనిస్తది. రోజూ ఇంధనం తెచ్చేది, నడిపేది, బాగు చేసేది ఊరే. ఆ రోజువారీ ఖర్చుకు లెక్క లేకపోతే ఎంత మంచి ప్రాజెక్టయినా ఆగుతది.

మన జిల్లాకు ఒక బలం ఉంది

సిరిసిల్లలో సెస్ ఉంది కదా, సహకార విద్యుత్ సరఫరా సంఘం. 1970లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ సాయంతో పెట్టింది. దేశంలో తొలుత మొదలైన అయిదు కరెంటు సహకార సంఘాల్లో ఇదొకటి, ఇప్పటికీ నడుస్తున్నది. మన మోటర్లకు కరెంటు ఇచ్చేది అదే. డైరెక్టర్లను మనమే ఓటేసి ఎన్నుకుంటం. సర్కారు సాయం, ఊరోళ్ళ యాజమాన్యం కలిస్తే అర్ధ శతాబ్దం నిలబడొచ్చని రుజువు మన ఇంటి ముందే ఉంది. రేపు సామూహిక బయోగ్యాస్ మాట వస్తే, ఇట్లాంటి సంఘం పద్ధతి గురించే ముందు మాట్లాడాలె.

పెండ ఒక్క చోట దొరికే జాగ కూడా దగ్గర్లనే ఉంది. వేములవాడ రాజన్నకు భక్తులు మొక్కే కోడెలు తిప్పాపూర్ గోశాలకు చేరుతయి. వందల పశువుల పెండ, మూత్రం ఒకే చోట. గోశాలల ప్లాంట్లకు కేంద్ర మార్గదర్శకాల్లో 20 శాతం అదనపు సాయం కూడా పెట్టిండ్రు. అక్కడ పెద్ద ప్లాంటు, స్లర్రీ చుట్టుపక్కల ప్రకృతి రైతులకు. ఇది నా కోరిక. అధికారుల ముందు పెట్టాల్సిన కోరికే.

కట్టుకునేటోళ్ళకు నాలుగు మాటలు

1. ఇవాళ కొట్టంలో ఉన్న పశువులను కాదు, అయిదేండ్ల తర్వాత ఎన్ని ఉంటయో లెక్కేసి సైజు ఎంచుకోండి. సబ్సిడీ చూసి ఎంచుకోవద్దు.

2. ఎండ తగిలే చోట, కొట్టానికి, వంటింటికి దగ్గర కట్టండి. చెట్టు వేర్లు, తాగునీటి బావి దగ్గర వద్దు. పైపుకు నీళ్ళు దిగే గొట్టం తప్పకుండా పెట్టించండి. గ్యాస్‌లో తేమ చేరి మంట ఆగేది అక్కడే.

3. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్ళు, సబ్బు నీళ్ళు గుంతలోకి పోనియొద్దు. మందులు పడ్డ పశువు పెండ కొన్ని రోజులు పక్కన వేయండి. ఇసుక, గడ్డి పోచలు తీసేసి కలపండి.

4. స్లర్రీకి రెండు గుంతలు చేయండి. ఒకటి నిండుతుంటే ఇంకోదాంట్లో ఎండుగడ్డి, ఆకులు వేసి నానబెట్టండి. 1 ఘనపు మీటర్ ప్లాంటు నుంచి రోజుకు 50 లీటర్ల దాకా స్లర్రీ వస్తది. ఏడాదికి 18 వేల లీటర్లు. దీనికి జాగ లేకుండా ప్లాంటు కట్టొద్దు.

మేస్త్రితో, కట్టించే సంస్థతో అయిదేండ్ల మరమ్మతు హామీ కాగితం మీద రాయించుకోండి. మా బాపు చేయని పని అదే.

మేం ఏం చేస్తున్నం?

ఇప్పుడు మా కొట్టంల రెండు దేశీ ఆవులు, ఒక బర్రె, ఒక కోడె. దొరికే పెండ రోజుకు 40 కిలోల చిల్లర. 2 ఘనపు మీటర్లది కడితే సబ్సిడీ 4,550 రూపాయలు ఎక్కువ వస్తది. మనసు అటే గుంజింది, అబద్ధం చెప్పను. కానీ దానికి 50 కిలోలు కావాలె. అవ్వ ఒక్క మాట అన్నది, "ఉన్న పెండకే కట్టు బిడ్డా, రానున్న పైసలకు కట్టకు. మీ బాపు అట్లనే కట్టిండు."

అందుకే 1 ఘనపు మీటర్‌దే అనుకున్నం. దానికి 25 కిలోలు, జీవామృతానికి 3 కిలోలు, మిగిలిన 15 కిలోలు ఘనజీవామృతానికి. స్లర్రీ రెండు గుంతల నుంచి వరిమడికి కాలువ నీళ్ళతో. దరఖాస్తు పెట్టినం, మంజూరు వచ్చే దాకా గడ్డపార ముట్టం. పాత గుంతను పూడ్చలేదు. దాని పక్కనే కొత్తది కడతం. పిల్లలకు రెండూ కనబడాలె.

కట్టిన తర్వాత, గ్యాస్ మండినా మండకపోయినా, ఏడాది లెక్క మొత్తం ఇంకో వీడియోలో మీ ముందు పెడత. మీ ఊర్లో ఆగిపోయిన గోబర్ గ్యాస్ గుంత ఉంటే, ఎందుకు ఆగిందో ఇంటి పెద్దోళ్ళను అడిగి తెలుసుకోండి. కొత్తది కట్టే ముందు ఆ జవాబు చెవిన పడాలె.

ఉంటా. నేల తల్లికి తిండి పెట్టిన తర్వాతే పొయ్యికి పెడదాం.